గత కొనుగోలు ధర

ఒంటిగంటకు పార్టుల దుకాణం మూసేస్తారట, శనివారం కదా, ఆలోపల చేయమంటారో వద్దంటారో చెప్పండి మేడం అని మెకానిక్ బెంజమిన్ వెళ్ళి అవతలి తెల్ల వ్యాను కింద దూరాడు. ఇప్పుడు పన్నెండు దాటి అయిదు నిమిషాలు, అంటే నాకు మిగిలింది గంట కన్నా తక్కువ, మా ఆఫీసులో గాజు బీకర్లు కొనాలన్నా కొటేషన్లకు పదిహేను రోజులు గడువిస్తాం. కారు నా ఎదురుగానే ఉంది, ముందు చక్రాలు రెండూ ఊడదీసి, జాకీల మీద, బానెట్టు ఎత్తి. నేను కూర్చున్నది ఏదో పాత కారులోంచి పీకిన వెనక సీటు, వచ్చినవాళ్ళ కోసం గోడకు ఆనించి వేశాడు, సీటు బెల్టు ఇంకా దానికే వేలాడుతోంది, పెట్టుకోవాలా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. నాచారం పారిశ్రామికవాడలో ఈ లైనంతా ఇలాంటి షెడ్లే, ఒకచోట వెల్డింగు, ఒకచోట లేతు మిషను, ఒకచోట ఏమీ లేదు, తాళం. ఎక్కడో పెయింటు కొడుతున్నారు, ఆ వాసన తలకెక్కుతోంది, వ్యాను కింద నుంచి స్పానరు చప్పుడు, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. నా ఒడిలో మూడు కొటేషన్లు, వాటి కింద సంజీవరావు ఫైలు. సంజీవరావు మా ఆయన, పోయి ఎనిమిది నెలలైంది. ఈ షెడ్డుకు కారు తెచ్చేది, బిల్లు కట్టేది, ఆ బిల్లుకు బెజ్జం పొడిచి ఫైల్లో దారం కట్టేది అన్నీ ఆయనే. నేను ఇక్కడికి రావడం ఇది రెండోసారి.

ముప్పై ఏళ్ళుగా నేను చేసే ఉద్యోగం రేటు సమంజసమా కాదా అని చూడటం. ప్రభుత్వ పరిశోధన సంస్థలో కొనుగోళ్ళ విభాగం, సూక్ష్మదర్శిని దగ్గర నుంచి ఫినాయిలు దాకా ఏది కొన్నా చివర ఒక వాక్యం రాసి సంతకం పెట్టేది నేను, ధర పరిశీలించడమైనది, సమంజసముగా ఉన్నది, తారామణి, తేదీ. అందుచేత మొన్న క్లచ్ జారడం మొదలుపెట్టగానే వేరేవాళ్ళలా నేను ఎవరినీ అడగలేదు, మూడు కొటేషన్లు తెచ్చాను, అలవాటు. ఉప్పల్‌లో ఏసీ హాలూ కాఫీ మిషనూ ఉన్న పెద్ద సర్వీసు సెంటరు ముప్పై ఒక్క వేల ఏడు వందల యాభై అంది, నాలుగు పేజీల ప్రింటు, అందులో గుడ్డ పీలికలకు కూడా ఒక లైను. మల్లాపూర్‌లో ఒకతను విజిటింగు కార్డు వెనక పదమూడు వేల అయిదు వందలు అని రాసి కింద గీత గీశాడు, దేనికి ఎంత అంటే అన్నీ కలిపి మేడం అన్నాడు. బెంజమిన్‌ది పద్దెనిమిది వేల రెండు వందలు, రూళ్ళ నోటుబుక్కులో కాగితం, ఆరు లైన్లు, కుదురైన దస్తూరి. మధ్య రేటు. నేను తేల్చుకోవలసింది ఒకటే, మా ఆయన లేడని చూసి బెంజమిన్ నా దగ్గర ఎక్కువ గుంజుతున్నాడా. అదే నిజమైతే కారు ఈ షెడ్డు నుంచి తీసేస్తాను, ఈ మనిషి మొహం మళ్ళీ చూడను. ఆయన పోయాక ఇల్లు, బ్యాంకు, గ్యాసు, అన్నీ నా పేరు మీదికి మార్చుకున్నాను, కాగితాలు ఉన్నాయి కాబట్టి మారాయి. ఆయన నమ్మిన మనుషులు నా పేరు మీదికి ఎలా మారతారో దానికి దరఖాస్తు ఎక్కడా లేదు. ఉన్నది ఈ ఒక్క బెంజమిన్, అతనూ దొంగ అని తేలితే, ఏమో, డబ్బు కన్నా అది ఎక్కువ కష్టంగా ఉంటుందని మాత్రం తెలుస్తోంది.

క్లచ్ ఎందుకు అరిగిందో బెంజమిన్ చెప్పలేదు, మర్యాద. నాకు తెలుసు. నా ఎడమకాలు క్లచ్ మీద నుంచి లేవదు. యాభై నాలుగో ఏట డ్రైవింగు నేర్చుకున్నదాన్ని, పక్క సీట్లో కూర్చుని ఆయన రోడ్డు చూడకుండా నా కాలే చూసేవారు, తారా, కాలు తియ్యి, తీసి పక్కన పెట్టు, అది కాలు పెట్టుకునే పీట కాదు. తీసేదాన్ని, రెండు నిమిషాలకు మళ్ళీ అక్కడే ఉండేది. ఈ ఎనిమిది నెలలూ చెప్పేవాళ్ళు లేక అక్కడే ఉండిపోయింది. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు హబ్సిగూడ నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా మొదటి గేరే, ఆదివారం పోచారంలో మా అమ్మాయి స్పందన ఇంటికి వెళ్ళాలంటే దారంతా గుంతలే. చక్రాన్ని కింద నుంచి పట్టుకుని ఉండే లోయర్ ఆర్ములు కూడా పోయాయని బెంజమిన్ చక్రాన్ని పట్టుకుని ఊపి చూపించాడు, టకటకమంది, అది నేనూ విన్నాను, కాబట్టి అది అబద్ధం కాదు. ఆయన మాట వినకపోవడం నాకు అలవాటు. నా మాట ఆయన వింటారనుకోవడం ఇంకో అలవాటు.

లైను లైనుగా చూస్తే, క్లచ్ సెట్టు ఆరు వేల రెండు వందలు, బేరింగు తొమ్మిది వందల యాభై, ఆర్ములు రెండూ కలిపి మూడు వేల నాలుగు వందలు, ఇంజను మౌంటింగు పద్నాలుగు వందల యాభై, గేరు ఆయిలు ఏడు వందలు. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆరో లైను, లేబర్, అయిదు వేల అయిదు వందలు. సర్వీసు సెంటరు వాళ్ళు లేబరుకు తొమ్మిది వేలు వేశారు, దాంతో పోలిస్తే ఇది ఏమీ కాదు, నేనూ సరేననే అనేదాన్నేమో, కాని నా దగ్గర ఫైలుంది. రాత్రి తీసి చూశాను. అయిదేళ్ళలో ఈ షెడ్డు బిల్లులు ఏడు, ఏడింటిలోనూ పార్టులే తప్ప లేబర్ అన్న లైనే లేదు. అదే క్లచ్ నాలుగేళ్ళ కిందట మార్చారు, క్లచ్ సెట్టు, బేరింగు, మౌంటింగు, ఆయిలు, మొత్తం ఏడు వేల మూడు వందల యాభై, సంతకం. ఆర్ములు పక్కన పెట్టి చూస్తే అదే పని ఇవాళ పద్నాలుగు వేల ఎనిమిది వందలు, రెట్టింపు దాటింది. లేబర్ తీసేస్తే తొమ్మిది వేల మూడు వందలు, ఏటా ఆరేడు శాతం చొప్పున పెరిగింది, ఎవరూ వేలెత్తి చూపలేరు. అంటే మిగతా లైన్లన్నీ కడిగిన ముత్యాలు, ఈ ఒక్కటే కొత్తగా మొలిచింది. ఇందాక ఫైలు తెరిచి బెంజమిన్ ముందు పెట్టి అడిగాను, ఏడు బిల్లుల్లో లేని లేబర్ ఇప్పుడెందుకు వచ్చిందని. అతను ఫైలు వైపు చూశాడు, నా వైపు చూడలేదు, చెవి మీది పెన్ను తీసి లేబర్ లైను అడ్డంగా కొట్టేశాడు. తీసేస్తున్న మేడం, ఇడ్సెయ్యండి, అన్నాడు, అని వ్యాను కిందికి వెళ్ళిపోయాడు. ఆ క్షణం దాకా నాకు అనుమానం సగమే. కొట్టేశాక పూర్తయింది. ఒక్క ప్రశ్నకే అయిదున్నర వేలు వదులుకునేవాడు న్యాయంగా వేసి ఉండడు, నిజంగా పడే ఖర్చయితే వాదిస్తాడు, లెక్క చెబుతాడు, నెత్తీ నోరూ కొట్టుకుంటాడు. ముప్పై ఏళ్ళలో ఇలా చటుక్కున దిగిపోయినవాళ్ళను ఎంతమందిని చూడలేదు. వాళ్ళ ఫైళ్ళ మీద, ఇక పిలవొద్దని గుర్తుగా, నేను మెల్లగా ఎర్ర ట్యాగు కట్టేదాన్ని.

గత కొనుగోలు ధర అని మాకు ఒక గడి ఉంటుంది, తులనాత్మక పట్టికలో చివరి నిలువు వరుస. అదే వస్తువు కిందటిసారి ఎంతకు కొన్నాం. ఆ గడి నిండి ఉంటే ఇక ఎవరి కథలూ వినక్కర్లేదు, అది మాకు కొలబద్ద. భూషణం గుర్తొస్తున్నాడు, ఎందుకు గుర్తొస్తున్నాడో, ఈ వీధుల్లోనే అతని వర్క్‌షాపు ఉండేది, లేబొరేటరీ స్టూళ్ళు చేసి ఇచ్చేవాడు, గుండ్రటి ఇనుప స్టూళ్ళు, తిప్పితే పైకి లేచేవి. ఒక ఏడాది ఉన్నట్టుండి రేటు ముప్పై శాతం పెంచాడు. కిందటి ధర చూపించాను. కిందటిసారి ఇనుము మా బావమరిది దగ్గర తుక్కులో దొరికింది మేడం, ఈసారి కొనాలి, అన్నాడు. తుక్కులో దొరికిన సంగతి అప్పుడు కాగితం మీద రాశావా అని అడిగాను. రాయలేదు. అయితే లేనట్టే. అతను కాసేపు నిలబడి పాత రేటుకే సంతకం పెట్టాడు, నలభై స్టూళ్ళు ఇచ్చాడు, మళ్ళీ కొటేషన్ వేయలేదు. ఆ స్టూళ్ళు ఇప్పటికీ మా మూడో అంతస్తులో ఉన్నాయి, ఒక్కటి కూడా కిర్రుమనదు. నేను చేసింది నిబంధన ప్రకారం సరైనదే. ఆ ఏడాది ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు, డైరెక్టరు మెచ్చుకున్నారు కూడా. భూషణం సరేననే ముందు తన అరచేతులు చూసుకున్నాడు, అదొక్కటే ఎందుకో మరిచిపోలేదు.

నేను ఇక్కడికి మొదటిసారి వచ్చింది నాలుగున్నరేళ్ళ కిందట, కారు కోసం కాదు. ఆయన రిటైరయిన ఆరు నెలలకే గుండెలో రెండు స్టెంట్లు వేశారు. అయిదు కిలోలకు మించి ఎత్తకూడదు, వంగి చేసే పనులు వద్దు, కోపం వద్దు, ఉప్పు వద్దు. ఆయన డాక్టరుతో అన్నిటికీ తలూపి బయటికి వచ్చి అయితే ఏం మిగిలిందో అది కూడా రాసిమ్మనాల్సింది అన్నారు. రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు డ్రాయింగు ఆఫీసు ఆయనది, బోగీలకు బొమ్మలు గీయడం, ఏ నట్టు ఎక్కడ, ఏ బోల్టుకు ఎన్ని చుట్లు. లక్ష బోల్టులు గీసుంటాను తారా, ఒక్కటీ బిగించలేదు అనేవారు, అదేదో పెద్ద లోటన్నట్టు. ఆ నట్టుల పిచ్చితో రిటైరవగానే సర్వీసు సెంటరు మానేసి బెంజమిన్ షెడ్డు పట్టారు, దగ్గర నిలబడి చూడొచ్చని. స్టెంట్లు వేసి పంపిన రోజు నేను ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చాను. సార్ని కారు కింద దూరనివ్వకు, స్పానరు ముట్టుకోనివ్వకు, మాటివ్వు, అన్నాను. ఇచ్చాడు. నిలబడి రెండు చేతులూ గుడ్డతో తుడుచుకుని మరీ ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన కూడా బుద్ధిగానే ఉన్నారు. పొద్దున నన్ను ఆఫీసు దగ్గర దింపి, పెన్షనర్ల సంఘానికి వెళ్ళి పేపర్లు చదివి, సాయంత్రం నేను వచ్చేసరికి స్నానం చేసి బాల్కనీలో కూర్చునేవారు. పేపర్లు చదివినవాడికి రెండోసారి స్నానం దేనికని నేను అడగలేదు. ఎండాకాలం కదా అనుకుని ఉంటాను, చలికాలంలో ఏమనుకున్నానో తెలియదు.

నవంబరులో పోయారు. పెన్షన్ వచ్చేవాళ్ళు ఏటా నవంబరులో బతికే ఉన్నామని బ్యాంకులో కాగితం ఇవ్వాలి కదా, ఆ కాగితం చేత్తో పట్టుకుని వరసలో నిలబడి పోయారు, ఆయన ముందు ఇంకో ఇద్దరే ఉన్నారట. నాకు ఫోను వచ్చేటప్పటికి నేను ఒక ఫ్రీజరు ధర దగ్గర ఆగి ఉన్నాను. ఆ ఫైలు తర్వాత ఇంకెవరో చూశారు. బెంజమిన్ వచ్చాడు ఆ రోజు, గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు, ఆయన్ను చూడను కూడా చూడలేదు, కాసేపటికి చూస్తే లేడు. నాలుగేళ్ళ గిరాకీకి ఆ మాత్రం దుఃఖం చాలనుకున్నాడు కాబోలని అప్పుడే నా మనసులో ఒక సున్నా చుట్టాను. ఇవాళ్టి కొట్టివేతకు ఆ సున్నా కూడా సాక్ష్యం పలుకుతోంది.

పన్నెండున్నర దాటింది. ఫోను మోగింది, స్పందన మెసేజీ. ఆ బండి అమ్మెయ్యమ్మా, క్యాబులున్నాయి, నీకు డ్రైవింగు అంటే ఎలాగూ భయమే. భయం సంగతి దానికి ఎవరు చెప్పారు, ఆయనే అయ్యుంటారు. ఆ కిందే ఇంకోటి, ఏదో యాప్‌లో చూసిందట, ఈ పనికి పద్నాలుగు వేల నుంచి ఇరవై ఆరు వేల దాకా అవ్వచ్చట. ఆ మాత్రం ముక్క నేనూ చెబుతాను, ఎండాకాలం వేడిగా ఉండొచ్చు. సరే, తేల్చాలి. నిబంధన ప్రకారం తక్కువ వేసినవాడు మల్లాపూర్ అతను, కాని ఏం వేస్తాడో రాయనివాడి రేటు రేటే కాదు, అది పక్కకు పోతుంది. సర్వీసు సెంటరు నా స్థాయి కాదు. మిగిలింది బెంజమిన్, రేటు పన్నెండు వేల ఏడు వందలకు దిగింది, మా ఆఫీసయితే కళ్ళు మూసుకుని ఇచ్చేసేవాళ్ళం. కాని నాకు ఇవ్వాలని లేదు. కొట్టేసిన ఆ గీత చూస్తున్నకొద్దీ ఒళ్ళు మండుతోంది. ఆయన ఉంటే ఈ లైను రాసేవాడా? మొగుడు పోయిన ఆడది, ఏం తెలుస్తుంది, రాసి చూద్దాం, అడిగితే కొట్టేద్దాం. ఇంతేగా. చక్రాలు బిగించమంటాను, ఊగినా సరే, టకటకమన్నా సరే, మెల్లగా ఇంటికి తీసుకుపోతాను. చెప్పే ముందు ఆ పాత క్లచ్ బిల్లు ఒక్కటి ఫైల్లోంచి తీసి చేతిలో పెట్టుకోవాలి, రుజువు లేకుండా నేను ఎవరితోనూ మాట్లాడను. దారం ముడి విప్పుతుంటే ఆయన ముడే, రైల్వే ముడి, గోరు విరిగినంత పనైంది. బిల్లు బయటికి వచ్చింది. నాలుగేళ్ళ కిందటి తేదీ, బుధవారం. బుధవారం అయితే నేను ఆఫీసులో ఉన్నాను. కాగితం తిరగబడింది.

వెనక పెన్సిలుతో బొమ్మ. ఆయన చేయి, వేరే ఎవరూ అంత సన్నగా గీత గీయరు. క్లచ్ మొత్తం విప్పదీసి, ఒక్కో భాగం విడివిడిగా వరసలో తేలుతున్నట్టు, మధ్య నుంచి చుక్కల గీత, ప్రతిదానికీ చిన్న గుండ్రం, గుండ్రంలో అంకె, ఒకటి నుంచి తొమ్మిది దాకా. పక్కన చిన్న అక్షరాలు, అయిదు పెట్టకుండా ఆరు బిగించరాదు. ఎనిమిది తిరగేసి పెట్టితిని, విప్పి మరల పెట్టవలె. దాని కింద ఒక మూలగా, గేరుబాక్సు ఎక్కించునప్పుడు బెంజమిన్ ఎడమవైపు, నేను కుడివైపు.

మళ్ళీ చదివాను. నేను కుడివైపు. ఇది చూసి గీసిన బొమ్మ కాదు, చూసేవాడికి వరస అంకెలు అక్కర్లేదు, చేసేవాడికి కావాలి, చేసి తప్పినవాడికి ఇంకా కావాలి. మిగతా ఆరు బిల్లులూ తిరగేశాను. బ్రేకులు, రేడియేటరు, ఒక దాని మీద ఎర్ర పెన్సిలుతో భేష్ అని తనకు తానే మార్కు వేసుకున్నారు. అన్నీ పనిదినాలే, సోమవారం, గురువారం, బుధవారం. పెన్షనర్ల సంఘం. పేపర్లు. రెండోసారి స్నానం. నాకు కోపం రావాలి కదా, వచ్చింది కూడా, గేరుబాక్సు అయిదు కిలోలు ఉంటుందా, ఆ కుడివైపు ఎంత బరువు పడి ఉంటుంది. ఆ కోపం ఇద్దరిలో ఎవరి మీదో తేలేలోగా ఇంకోటి వచ్చింది, ఆ ఏడు బిల్లుల్లో లేబర్ ఎందుకు లేదో. లేబర్ ఉంది. అది ఇంట్లోంచి వచ్చేది. నేను కొలబద్ద చేసుకున్న గత కొనుగోలు ధరలో ఆయన రెండు చేతులు కలిసి ఉన్నాయి, అవి ఏ గడిలోనూ రాసి లేవు కాబట్టి నా లెక్క ప్రకారం లేనట్టే.

బెంజమిన్‌ని పిలిచాను. వ్యాను కింద నుంచి వచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, చక్రాలు బిగించమంటానని ముందే తెలిసినట్టు నిలబడ్డాడు. నేను ఏమీ అడగకుండా బొమ్మ ఉన్న వైపు అతనికి చూపించాను. దాన్ని అతను అంతకుముందు చూసిన మనిషే, తెలిసిపోతూనే ఉంది. నా ఎదురుగా నేల మీద గొంతుకూర్చున్నాడు.

“సారు పని జేసిండు మేడం, లేబర్ ఎట్ల రాస్త? మీకు మాటిచ్చిన, తప్పిన. వద్దన్న సారూ, మేడం తిడ్తది అంటే, నువ్వు చెప్పకు, నేను చెప్ప, ఇంకెవలు చెప్తరు అనె. అక్టోబర్ల బ్రేకు ప్యాడ్లు ఏసిండు. నెల తిరక్కముందే గట్లయ్యింది. నేనే సంపిన్నా ఏందని గా దినం గేటు దాటి లోపలికి రాలే. ఇప్పుడు మీరు లేబర్ అడిగేసరికి గిదంత బయటవడ్తదని కొట్టేసిన.”

చెప్పేశాడు. నా జవాబు కోసం చూస్తున్నాడు, నేను సంతకం చేస్తే తప్ప కదలని ఫైలులా కూర్చున్నాడు నా ముందు. డాక్టరు వద్దన్నాడు, నేను వద్దన్నాను, ఇతను మాటిచ్చాడు, ఆయన అబద్ధమాడారు, ఇవన్నీ నిజాలే. బ్యాంకులో వరసలో పోయారు, ఏ బరువూ ఎత్తకుండా, ఒక కాగితం పట్టుకుని, అదీ నిజమే. ఏది దేనివల్ల అన్నది తేల్చే గడి నా పట్టికలో లేదు. నాకు నొప్పిగా ఉన్నది అది కాదు కూడా. ఆయన నాలుగేళ్ళకు పైగా ఇక్కడ సంతోషంగా ఉన్నారు, భేష్ అని రాసుకునేంత సంతోషంగా, సాయంత్రం నా పక్కన కూర్చుని ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఆపించేదాన్ని, తప్పకుండా ఆపించేదాన్ని, ఆయనకు నా సంగతి తెలుసు. నేను బాల్కనీలో కూర్చోబెట్టి బతికించుకున్నాననుకున్న మనిషి ఇక్కడ ఈ నేల మీద వెల్లకిలా పడుకుని బతికారు. అసూయగా ఉంది. ఎవరి మీదంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఈ షెడ్డు మీద. బాధపడకు బెంజమిన్ అనాలి. తీరా వచ్చిన మాట వేరు.

“బాగా చేసేవారా?”

అతను తలెత్తాడు. ఇంత సేపట్లో మొదటిసారి తిన్నగా నా మొహం చూసి, అబద్ధం చెప్పనా నిజం చెప్పనా అన్నట్టు ఒక్క క్షణం ఆగాడు.

“మంచిగనే జేస్తుండె మేడం, గాని మస్తు లేటు. గంటల అయ్యే పని పొద్దంత జేస్తుండె. ఒక్కో బోల్టు తుడుస్తడు, కాయితం మీద గీస్తడు, మల్ల పెడ్తడు, మల్ల ఇప్పి సూస్తడు. నా గిరాకీలు బయట నిలవడి తిడ్తుండ్రి.”

నవ్వొచ్చింది. ఆపుకోలేదు. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అది నవ్వువల్లో కాదో చూసుకునే ఓపిక లేక కొంగుతో తుడుచుకున్నాను. మా ఇంట్లో గోడకు మేకు కొట్టడానికి ఆయన టేపు పెట్టి మూడుచోట్ల కొలిచేవారు, మేకు కొట్టేటప్పటికి పండగ అయిపోయేది. అంటే ఆయన చేతులవల్ల బెంజమిన్‌కు మిగిలింది ఏమీ లేదు, ప్రతి బిల్లుకూ ఇతని రోజు ఒకటి పోయింది, లేబరూ పోయింది, పైగా తిట్లు. ఏడు బిల్లుల్లో ఒక్కటి కూడా సమంజసమైన ధర కాదు. గిరాకీ పోతున్నా ఆయన్ను పొమ్మనలేదు, వద్దని చెప్పాల్సినవాడు చెప్పి, చెప్పీ ఊరుకుని, ఎడమవైపు తను పట్టుకున్నాడు. నేను ఇతన్ని ఇవాళ ఏమనుకున్నానో ఇతనికి తెలిసే ఉంటుంది, పేరు పెట్టి అనకపోయినా ఫైలు ముందు పెట్టడమంటే అనడమే. ఆ మాట కూడా అనాలి, తప్పయిందని, ముప్పై ఏళ్ళలో ఏ కొటేషన్ వేసినవాడితోనూ అనలేదు, భూషణంతో అనవలసింది.

“తప్పుగా అనుకున్నాను బెంజమిన్,” అన్నాను, అనడం నేను భయపడ్డంత కష్టంగా ఏమీ లేదు.

అతను కంగారుగా లేచి, అట్లనకుండ్రి మేడం, లేబర్ ఎట్లాగూ తీసేశాను కదా, పన్నెండు వేల ఏడు వందలే ఇవ్వండి, సారు కోసం ఈ ఒక్కటి చేస్తా అంటున్నాడు, గోడ మీది చర్చి కేలండరు పక్కన వేలాడే స్కూటరు తాళం తీసుకుంటూ, ఒంటిగంటకు ఇంకా పావుగంట ఉంది, దుకాణం దొరుకుతుంది. నా ఒడిలోంచి అతని కొటేషన్ తీసి, నా పెన్నుతో పాటు అతని చేతికిచ్చాను.

“లేబర్ మళ్ళీ రాయి,” అన్నాను. “ఆయన లేరు. ఇప్పుడు చేసేది నువ్వొక్కడివే.”